పైకా, కిందికా

తాళంకప్ప తన వికీలో ఒక పేజీకి మళ్లీ తాళం వేశాడు.

అది లిఫ్టు మెకానిక్కులు తమకోసం తాము రాసుకునే వికీ. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. పెట్టింది ఇతనే. మొదట్లో తనే రాశాడు, తనే చదివాడు, తనే మెచ్చుకున్నాడు. తర్వాత జనం చేరారు. వాళ్లతోపాటు తప్పులూ చేరాయి. దాంతో పేజీలకు తాళం వేసే హక్కు తన చేతిలో పెట్టుకున్నాడు. ఇంట్లో టీవీ రిమోటు కూడా దక్కని మనిషికి పెత్తనం దొరికితే ఇంకేముంది? ఎదుటివాడు తుమ్మినా రుజువు అడగడం మొదలెట్టాడు. కన్నవాళ్లు పెట్టిన పేరు పోయి తాళంకప్ప అన్న పేరు మిగిలింది.

ఇప్పటి గొడవ పాత రకం లిఫ్టు బ్రేకు గురించి. లిఫ్టు మధ్యలో ఆగిపోతే, మేడమీది మిషన్ రూంలో ఉండే బ్రేకు లివర్ని ఏం చెయ్యాలి? 'కిందికి నొక్కాలి' అని రాశాడు బామ్మర్ది. వాడూ మెకానిక్కే. 'పైకెత్తాలి' అని దిద్దాడు తాళంకప్ప. మళ్లీ కిందికి. మళ్లీ పైకి. ఆఖరికి సభ్యులందరి ముందూ బామ్మర్దిని మొద్దావతారమని తేల్చి, 'పైకి' మీద తాళం బిగించాడు. ఆపైన ఒక రూలు కూడా పెట్టాడు: పేజీలో ఉన్నట్టే చెయ్యాలి, సొంత తెలివి వాడరాదు.

ఆ సాయంత్రం గాలాడని ఇరుకు గదిలో గోడకానుకుని నిలబడి, చెమటలు కక్కుతూ ఫోను చూస్తున్నాడు. వికీ చర్చ పేజీలో బామ్మర్ది దిగాడు.

"బావా, మిషన్ రూంలో ఉన్నా. లివరు పైకి లేవట్లేదు. పేజీ దిద్దు."

"రుజువేదీ?"

"చేత్తో పట్టుకున్నా కదయ్యా!"

"నీ చెయ్యి రుజువు కాదు."

"లిఫ్టులో మనిషి ఇరుక్కున్నాడు బావా."

"ఆ మనిషికేం కాదులే. గట్టి పిండం."

"అంతేనంటావా? సరే, టీ తాగుతూ కూర్చుంటా."

ఈసారి తాళంకప్ప చర్చ పేజీలో కాకుండా విడిగా మెసేజి కొట్టాడు. "ఒరేయ్! గప్‌చిప్‌గా కిందికి నొక్కెయ్. ఎవరికీ చెప్పకు."

"అమ్మో, సొంత తెలివే! రూలు రాసింది తమరే. పేజీ మారితేగానీ లివరు ముట్టను."

తాళంకప్ప పళ్లు నూరాడు. వికీలో పాత మార్పులు చెరిగిపోవు. ఎవడు ఎప్పుడు తోక ముడిచాడో మునిమనవలు కూడా చదువుకోవచ్చు. పోయిపోయి ఈ వెధవ ముందా!

ఇంతలో భార్య ఫోను.

"ఎక్కడున్నారండీ?"

"దార్లోనే ఉన్నా."

"తర్వాతి పాట మన పిల్లదే. నాన్న వస్తేగానీ స్టేజి ఎక్కనని భీష్మించుక్కూర్చుంది. పోయినేడూ ఇంతే, ఆ దిక్కుమాలిన వికీ పట్టుకుని రానేలేదు. ఈసారీ రాకపోతే దానితోనే కాపురం చేసుకోండి!"

"వస్తున్నానే."

"మా తమ్ముడేడీ? కనిపించాడా?"

"నా నెత్తిమీదే కూర్చున్నాడు."

"వాణ్నెందుకండీ ఆడిపోసుకుంటారు?"

వెనకనుంచి పిల్ల గొంతు వినిపించింది. "నాన్నా, వచ్చేశావా?"

అంతే. తాళంకప్ప ఫోను పెట్టేసి, వికీ తెరిచి, తాళం తీశాడు. 'పైకెత్తాలి' చెరిపాడు. 'కిందికి నొక్కాలి' అని ఒక్కో అక్షరం పన్ను పీకించుకున్నట్టు కొట్టాడు. కింద 'మార్పుకు కారణం' అని గడి ఉంది. బామ్మర్ది చెప్పాడని రాస్తే ఇంకేమన్నా ఉందా! కాసేపు గడ్డం గోక్కుని, దర్జాగా రాశాడు: 'స్వయంగా పరీక్షించడమైనది.'

అది సేవ్ చేసి చెమట తుడుచుకునేలోపే, అతను నిలబడ్డ గది ఒక్క కుదుపు కుదిపి మెల్లగా పైకి కదిలింది.