ఓడ గంటలో పేరు

“మా ఓడవాళ్ళ పిల్లలకేనమ్మా. ఎవరు పడితే వాళ్ళొస్తే ఎలా?” లెఫ్టినెంట్ టల్లక్ ఓడ మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు.

ఎఫీ కదిలితే ఒట్టు. ఆమె చంకలో శాలువా చుట్టిన పసిబిడ్డ. వెనక రోనా. ఒకే గదిలో అద్దెకుంటూ, క్లైడ్ నది ఓడల యార్డులో ఈ డిస్ట్రాయర్ యుద్ధనౌకకి వెల్డింగు చేసినవాళ్ళే ఇద్దరూ. రేపు ఓడ యుద్ధానికి వెళ్ళిపోతుంది. ఓడ గంటను తిరగేసి, నీళ్ళు పోసి, బిడ్డకు బాప్తిస్మమిచ్చి, లోపల పేరు చెక్కడం నావికుల ఆనవాయితీ.

“చర్చికి పోరాదూ?”

“పోయాం సార్. తండ్రి పేరు చెప్పలేని దానివి, గడప తొక్కకు పొమ్మన్నారు పాస్టరుగారు. ఇదిగో, ఈ రోనా వాళ్ళ నాన్నే!”

రోనా తల దించుకుంది. ఎఫీకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. పేరు లేకుండా పెరగాలా ఈ పిల్ల?

“ఇంతకీ తండ్రెవరు?”

“నావికుడే. పెళ్ళి కాకముందే పోయాడు. మొన్న శీతాకాలం మునిగిన డిస్ట్రాయర్‌లో.”

“అది వేరే ఓడ కదమ్మా!”

“ఎలా వేరు? అదీ ఇదీ ఒకే తరగతి, ఒకే అచ్చు, ఒకే యార్డులో పుట్టిన అక్కాచెల్లెళ్ళు. అక్క ఇంటి బిడ్డ చెల్లెలికి పరాయిదా?”

టల్లక్ గొంతు తగ్గింది. “ఈ తరగతి ఓడలు చాలానే మునిగాయి. ఇదీ మునిగితే ఆ పేరు సముద్రం పాలే.”

“మునిగితే నన్నడగండి! దీని అతుకులు మావి.”

అతను నవ్వేసి పక్కకు తప్పుకున్నాడు.

నౌకాదళ పాస్టరు గంటలో చెయ్యి ముంచి, బిడ్డ నుదుటిని తడిపాడు. “పేరు?”

“మారియన్!” రేవంతా వినబడేలా అరిచింది ఎఫీ. “ఇత్తడి మీద పేరు ఏ పెద్దమనిషి చెరుపుతాడో నేనూ చూస్తా!”

నావికులు టోపీలు ఎగరేశారు. రోనా వెక్కి వెక్కి ఏడ్చింది.

దిగి వస్తుంటే రోనా ఎఫీ చెయ్యి పట్టుకుంది. “ఊరంతా నిన్ను నానా మాటలూ అంటున్నారే.”

“అననీ. నా ఒళ్ళేం అరిగిపోదు.”

యార్డు షెడ్డు వెనక్కి వచ్చేసరికి బిడ్డ ఆకలికి గుక్కపట్టింది. ఎఫీ అటూ ఇటూ చూసి, బిడ్డను రోనా చేతుల్లో పెట్టింది.

“ఎవరూ లేరులే, నీ కూతురికి పాలియ్యి.”