ఎర్రబారిన గౌరమ్మ

“సారూ, మీరొక్క మాట చెప్తె నా దుకాణం తెరుచుకుంటది. లేకుంటె నా పని ఖతం!” అంటూ ముత్తెన్న పొద్దున్నే వాకిట్లో నిలబడ్డాడు.

విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయులు గంగాకిషన్ సారు అప్పుడే పూజ ముగించి తాంబూలం నోట పెట్టుకున్నారు. పెట్టుకున్నంతలోనే ముఖం చిట్లించారు.

“తాంబూలంల సున్నమేది?” అని లోపలికి కేకవేశారు.

“అయిపోయింది. ఇయ్యాల్టికి గట్లనే నమలుండ్రి,” అని భార్య లక్ష్మీనర్సమ్మ వంటింట్లోంచే బదులిచ్చింది.

“నిన్ననే గదనే డబ్బ నిండ తెచ్చిన!”

వంటింట్లో గిన్నెల చప్పుడు పెరిగింది.

ఆర్మూరు పసుపు మార్కెట్ వెనక గల్లీలో ముత్తెన్న బ్రాందీ దుకాణం ఆ రోజే తెరవాలి. బీడీలు చుట్టే ఆడవాళ్లు వద్దని మొత్తుకున్నారు, అతడు వినలేదు. నిన్న సాయంత్రం వాళ్లు పసుపు ముద్దతో గౌరమ్మను చేసి, దుకాణం గడప మీద నిలిపి వెళ్లారు. తెల్లారేసరికి పచ్చని గౌరమ్మ నెత్తుటి ముద్దలా ఎర్రబారింది. పనివాళ్లు ఆ గడప దాటేది లేదని కూర్చున్నారు.

“గల్లీ గల్లంత మిస్టరీ, మిస్టరీ అంటున్నరు. గా మాటకు అర్థమేందో, గీ ఎరుపుల మతలబేందో మీరే చెప్పాలె. మీ నోట అబద్ధం రాదని అందరికెరుక,” అన్నాడు ముత్తెన్న.

ఆ చివరి మాట సారుకు తాంబూలం కన్నా రుచించింది.

“దేవుని పేరు మీద బూటకమాడితె మహాపాపం. పద!” అని కండువా సర్దుకున్నారు.

దుకాణం ముందు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వాళ్లలో పెద్దది నీలవ్వ తలెత్తింది.

“ఏం సారూ, మీరు సుత మందు దుకాణానికే వస్తిరా?”

గల్లీ అంతా నవ్వింది. సారు గొంతు సవరించుకున్నారు.

“నవ్వులాట కాదు నీలవ్వా. నిజం తేలాలె.”

“నిజం మేం చెప్తం వినుండ్రి. పొద్దంత బీడీలు జుట్టేది మేము, పొద్దూకి తాగేది మా మొగోళ్లు. గిప్పుడు దుకాణం గల్లీలనే పెడితె ఇంటి తోవ గూడ మరుస్తరు. అందుకే తల్లికి కోపమొచ్చింది. సూడుండ్రి, ఎట్ల ఎర్రగైందో!”

సారు వంగి చూశారు. ఒక్క చూపు చాలింది. పెండ్లికూతురి కాళ్లకు పారాణి ఎలా కలుపుతారో ఆయన చిన్ననాటి నుంచి చూస్తున్నదే. అయినా ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నోరు సూటిగా విషయానికి రాలేదు.

“ముందు మాట సంగతి. మిస్టరీ గ్రీకు భాషల పుట్టింది. మూసుకొనుట అని దాని మూలధాతువుకు అర్థం. పూర్వం ఆ దేశంల రహస్య పూజలుండేవి. దీక్ష పట్టినవాళ్లు లోపల చూసింది బయట చెప్పరాదు. కాబట్టి మిస్టరీ అంటె ఎవరికీ తెలువనిది కాదు. తెలిసినవాళ్లు నోరు మూసుకున్నది!”

“అబ్బ! మస్తు తెలివిగలోళ్లు సారూ, గ్రీకోళ్లు,” అంది నీలవ్వ. వెనక వరుసలో నలుగురు చాటల్లోకి ముఖాలు దించుకున్నారు.

ముత్తెన్నకు ఓపిక పోయింది. “గ్రీకోళ్లను ఇడువుండ్రి. ఎరుపు సంగతి చెప్పుండ్రి!”

“వస్తున్న. నోరు మూసుకునే మనిషిని కాదు నేను. నలభై ఏండ్ల కాపురంల నా ఇంటిది నాకొక్క అబద్ధం చెప్పలేదు. గసువంటి ఇంట్ల నుంచి వచ్చిన. వినుండ్రి. పసుపుల...”

అంతలో ఆడవాళ్ల వెనక నుంచి లక్ష్మీనర్సమ్మ హారతి పళ్లెంతో ముందుకు వచ్చింది. పళ్లెం పట్టిన ఆమె వేళ్లు గోళ్ల మొదళ్ల దాకా పారాణి ఎరుపులో ఉన్నాయి. నిన్న తెచ్చిన డబ్బెడు సున్నం ఏ పసుపును ఎర్రబరిచిందో సారుకు అప్పుడు తెలిసింది. ఆమె మాత్రం కళ్లు దించలేదు.

“పసుపుల ఏంది సారూ? జల్ది చెప్పుండ్రి, అందరింటున్నరు!” అన్నాడు ముత్తెన్న.

గంగాకిషన్ సారు పొద్దుటి చప్పని తాంబూలాన్ని గుటుక్కున మింగి, గౌరమ్మకు రెండు చేతులూ జోడించారు.

“మిస్టరీ!” అని నోరు మూసుకున్నారు.