బాపు వేళ్లు

"మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా కీళ్లవాతం ఉందా?" అని డాక్టర్ అడగగానే బసవయ్య రెండు చేతులూ తువ్వాలు కింద దాచేసుకున్నాడు.

పక్కనే ఉన్న భార్య లీలమ్మ ఏదో చెప్పబోయింది. అతను ఆమెను మాట్లాడనివ్వలేదు.

"ఎవ్వరికి లేదు సార్. మా ఖాందాన్ల ఎవ్వరికి లేదు."

లీలమ్మ అతని మొహంలోకి చూసింది.

డాక్టర్ వాళ్ల కూతురు స్వీటీ చేతుల ఎక్స్‌రేని వెలుతురుకు ఎత్తి పట్టాడు. "ఇదిగో, ఈ కణుపుల దగ్గర ఎముక అంచు కొరికినట్టు ఉంది చూడండి. వాపు లోలోపల ఎముకను తినేస్తోంది. రోగాలతో పోరాడాల్సిన ఒంట్లోని శక్తి సొంత కీళ్ల మీదే పడుతోంది. కొందరికి అలాంటి జన్యువులు అమ్మ నుంచో నాన్న నుంచో వస్తాయి. అవే కారణమని చెప్పలేం. కానీ ఇంట్లో ఎవరికైనా ఉంటే మాకు తెలియడం మంచిది."

"మగ్గం వర్క్ చేసుకోవచ్చా సార్?" స్వీటీ ముందుకు వంగి అడిగింది. చార్మినార్ దగ్గరి షాపులకు పెళ్లి జాకెట్లు కుట్టే చేతులవి.

"మందులు మానకుండా వాడితే ఈ అరుగుదలను అదుపు చేయొచ్చు. ఇంకాస్త ముందే రావలసిందమ్మా."

ఆ మాటకు బసవయ్య తల వాలిపోయింది. పొద్దున్నే వేళ్లు ముడుచుకోవడం లేదని పిల్ల ఏడిస్తే, "ఎప్పుడు చూసినా ఫోన్ పట్టుకుంటే గట్లనే అయితది" అని కసిరింది తనే. అదేం నొప్పో తెలియక కాదు. తెలిసే. ఒప్పుకోవడానికి నోరు రాక.

బయట బెంచీ మీద కూర్చున్నాక తువ్వాలు తీసేశాడు. వాచి, పక్కకు ఒరిగిపోయిన వేళ్లు. కూతురి మొహం చూడలేక నేలకేసి చూస్తూ అన్నాడు.

"ఫ్యాక్టరీల మిషన్ మీద చేసీ చేసీ గిట్లయినయని చెప్పిన గదా బిడ్డా. అబద్ధం. నాకున్నది గీ రోగమే. సిగ్గుతోని దాచిన. ఇప్పుడు డాక్టర్ అడిగినా చెప్పకపోతి."

"పోనీ తియ్ బాపూ. ఫికర్ జేయకు."

"ఎట్ల పోనిస్త? నా పాడు రక్తమే నీకొచ్చింది. నా కడుపున పుట్టకపోతే నీ చేతులు మంచిగుండేటివి. నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా!" బసవయ్య భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు.

లీలమ్మ విస్తుపోయింది. "ఏందయ్యా నువ్వు..." అంటుంటే స్వీటీ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. తండ్రి వంకర వేళ్లను తన వాచిన చేతుల్లోకి తీసుకుంది. కళ్లు తుడుచుకోకుండానే నవ్వింది.

"మర్శేపోయినవా బాపూ? నన్ను మీరు అనాథాశ్రమం నుంచి తెచ్చుకున్నరు గదా!"