పెనుకొండలో రెండు గదులు

"కోర్టుకు ఈడుస్తా! మా అన్నకు పోయి అదే చెప్పు సామీ!"

ఉమేష్ బల్ల గుద్దాడు. గ్లాసులో టీ ఒలికింది.

గోవిందరాజులు బల్ల తుడిచాడు. తగువులు తీర్చడం ఆయనకు ఇరవై రెండేళ్ల వ్యాపారం. కక్షిదారులకు చెరొక గది, ఎదురుపడకూడదు, మాట ఏదైనా తానే మోయాలి. అది ఆయన పద్ధతి. ఈ తగువులో అన్నది ధర్మవరం, తమ్ముడు ఉమేష్‌ది హిందూపురం. ఒకరి గడప ఒకరు తొక్కే పని లేదు, నడుమ పెనుకొండ ఉంది.

తగువు తండ్రి కట్టిన మగ్గాల ఇంటి మీద. ఆరు మగ్గాలు. అన్న హనుమంతరాయుడికి అవి తప్ప వేరే బతుకు లేదు.

"ఇల్లంతా నాకే కావాల. పదేండ్లు తిన్నాడు, చాలదా?"

"ఆయప్పే మనసొప్పి ఇస్తే?"

"బిచ్చమేస్తే పట్టేదానికి నేనేమన్నా దేవళం ముందర కూచున్నానా? కొట్లాడే తీసుకుంటా!"

గోవిందరాజులు పక్కగదిలోకి వెళ్లాడు. పది నిమిషాలకు వచ్చాడు.

"వాకిలి పక్క మూడు మగ్గాలు నీకు."

"ఆరు!" ఉమేష్ గోడవైపు తిరిగి అరిచాడు. "ఏమన్నా, నోరు పడిపోయిందా? ఏం సామీ, ఆడ మూగోణ్ణి కూచోబెట్టినావా?"

చెంప పగలగొట్టాలనిపించింది గోవిందరాజులుకు. పళ్లు బిగబట్టాడు. ఈ వ్యాపారంలో కోపం పెట్టుబడి. ఊరికే ఖర్చు పెడితే దివాలా. మళ్లీ లోపలికి వెళ్లాడు. ఈసారి అరగంట. మొదటి మాటకే బేరం తెగితే కొన్నవాడికి నిద్ర పట్టదు.

"అయిదు."

"ఆరు! లేదంటే లేస్తాండా!"

మూడోసారి వెళ్లినవాడు రాసిన స్టాంపు కాగితంతో వచ్చాడు. ఇల్లూ, ఆరు మగ్గాలూ ఉమేష్‌కే. కింద అన్న సంతకం.

ఉమేష్ రెండుసార్లు చదివాడు. మొహం వెలిగింది.

"చూసినావా సామీ? గట్టిగా పట్టినా కాబట్టి వంగినాడు!"

తన సంతకం గీకి, మీసం దువ్వుకుంటూ మెట్లు దిగాడు. హిందూపురం బస్సెక్కాడు.

గోవిందరాజులు పక్కగదిలోకి పోయి, పొద్దుట్నుంచీ ఎవరూ కూర్చోని కుర్చీలో కూలబడి, 'వాడు ఏమడిగితే అది రాయి సామీ, ఊరకే ఇచ్చినానంటే తీసుకోడు' అని తెల్లవారే వచ్చి ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం పెట్టి పోయిన హనుమంతరాయుడికి ఫోన్ కలిపాడు.