పోయిన మాగ్నెట్

గేటు కుయ్యిమనలేదు.

ఆ బట్టల షాపులో ప్రతి ప్యాంటుకీ ఒక ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. బిల్లు కట్టాక కౌంటర్‌లో మాగ్నెట్ పెట్టి ఆ బిళ్ల ఊడదీస్తారు. ఊడదీయకుండా గడప దాటితే గేటు వీధంతా వినపడేలా గోల పెడుతుంది. నీలం టోపీ మనిషి మూడు జీన్స్ ప్యాంట్లు సంచిలో కుక్కుకోవడం రెండో కౌంటర్‌లో ఉన్న కొత్తపిల్ల ఎదురుగా ఉన్న అద్దంలో కళ్లారా చూసింది. అతను బిల్లు కట్టలేదు, దర్జాగా గేటు దాటిపోయాడు. గేటు మాత్రం బెల్లం కొట్టిన రాయిలా ఊరుకుంది.

ఆమె కౌంటర్ వదిలి ఉరకబోతే, పక్కనే ఒకటో కౌంటర్‌లో ఉన్న అక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఎక్కడికే?”

“వాడి సంచిలో మూడు ప్యాంట్లున్నాయక్కా. నేను చూశాను.”

“ఉంటే ఉన్నాయిలే. గోడ మీద బోర్డు చదవలేదా? దొంగల్ని ముట్టుకోవద్దని కంపెనీ వాళ్లే రాసిపెట్టారు. జేబుల్లో బ్లేడ్లు పెట్టుకు తిరుగుతారు చెల్లీ. ఆ గుడ్డముక్కలు నీ ప్రాణం కంటే ఎక్కువా?”

చేరి ఎనిమిది నెలలైనా షాపులో అందరికీ ఆమె ఇంకా కొత్తపిల్లే. చెల్లీ అని పిలిచేది ఈ అక్క ఒక్కతే. మరో రోజైతే ఆ పిలుపుకే ఆగిపోయేది. కానీ రెండు నెలల్లో పదకొండు ప్యాంట్లు ఇలాగే, గేటుకి తెలియకుండా నడిచి వెళ్లిపోయాయి. రెండో కౌంటర్ మాగ్నెట్ పోయిన దగ్గర్నుంచే ఈ దొంగతనాలు మొదలయ్యాయని షాపంతా గుసగుసలు. ఇంకొక్కటి పోయిందంటే నువ్వూ ఇంటికేనని మేనేజర్ నిన్ననే మొహం మీద చెప్పాడు. ఇంట్లో ఇంకెవరికీ ఉద్యోగం లేదు.

“వాణ్ణి పట్టుకుంటే నా మీద మచ్చ పోతుందక్కా,” అని చెయ్యి విదిలించుకుని పరుగెత్తింది.

నాలుగు షాపుల అవతల సంచి పట్టీ చేతికి చిక్కింది. అతను వెనక్కి తిరిగాడు. తెలిసిన మొహమే. వారానికి రెండుసార్లు వచ్చి, షాపంతా కలియతిరిగి, ఒకే ఒక్క జేబురుమాలు కొనుక్కుపోయే మనిషి.

“వదులు,” అన్నాడు విసుగ్గా. “ముట్టుకోవద్దని నీకు చెప్పలేదా?”

“చెప్పారు. అయినా వదలను.”

అతను ఇంక వాదించలేదు. జేబులోంచి చెయ్యి తీశాడు. ఆమె అరచేతిలో నిప్పు పెట్టినట్టయింది, మణికట్టు దాకా ఎర్రగా కారింది. కళ్లు బైర్లు కమ్మాయి. పట్టు మాత్రం ఉడుంపట్టే. జనం మూగడం చూసి అతనే సంచి వదిలేసి సందులో పడి పారిపోయాడు.

మేనేజర్ తన గదిలో ఆమెను కూర్చోబెట్టి, పోలీసులకు ఫోన్ చెయ్యడానికి బయటికి వెళ్లాడు. అక్క దూది తెచ్చి గాయం కడిగింది. కట్టుగుడ్డ కనిపించకపోతే తన చున్నీయే చింపి కట్టు కట్టసాగింది. 

“చెబితే విన్నావా? కుట్లు పడతాయి చూడు.”

“పడనీ అక్కా. మచ్చ పోయింది, అది చాలు.”

“ఆ మచ్చ మాత్రం నీదా?” అక్క గొంతు తగ్గించింది. “మాగ్నెట్ పోగొట్టుకుంది నేను. ఇంకొక్క తప్పు చేస్తే నన్ను తీసేస్తారని, నీ మాగ్నెట్ నాకిచ్చేసి, నీదే పోయిందని చెప్పి తిట్లు తిన్నావు. సొంత చెల్లెలైనా చెయ్యదు. చచ్చినా మర్చిపోను.”

కొత్తపిల్ల అక్క భుజం మీద తల ఆనించింది. చేతి మంట కూడా కాస్త తగ్గినట్టే అనిపించింది.

మేనేజర్ లోపలికి వచ్చాడు. “బోర్డు మీద రాసింది నువ్వు పాటించలేదు. అయినా శభాష్,” అన్నాడు. ఆయన నోట ఆ మాట ఆమె వినడం అదే మొదటిసారి.

ఆయన సంచి బల్ల మీద బోర్లించాడు. మూడు ప్యాంట్లు పడ్డాయి. ఒక్కదానికీ బిళ్ల లేదు. ఎక్కడా చిరుగు లేదు, కోత లేదు. సంచిని ఇంకోసారి దులిపితే, అడుగు నుంచి గుండ్రటి నల్లటి వస్తువొకటి జారిపడి, బల్ల మీదున్న స్టేప్లర్‌కి టక్కున అతుక్కుంది.

మాగ్నెట్.

మేనేజర్ మొహంలో శభాష్ ఆవిరైపోయింది. నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు.

“ఈ షాపు తెరిచిన దగ్గర్నుంచీ పోయిన మాగ్నెట్ ఒక్కటే. అది పోయిందని వచ్చి చెప్పింది నువ్వు.”

“నాది కాదు సార్, అది…”

ఆగిపోయింది. జేబురుమాలు కొన్న ప్రతిసారీ ఆ మనిషి ఒకటో కౌంటర్ ముందే నిలబడేవాడని ఇప్పుడు గుర్తొచ్చింది. ఛ, అని ఆ ఆలోచనను తనే తోసేసింది. అక్కే చెబుతుంది. ఇప్పుడే కదా, చచ్చినా మర్చిపోనంది. ఆశగా ఆమె వైపు చూసింది.

అక్క కట్టు చివర ముడి బిగించింది. కళ్లు తుడుచుకుని లేచి నిలబడింది.

“చిన్నపిల్ల, బతుకు పాడైపోతుందని ఇన్నాళ్లూ నోరు కట్టేసుకున్నాను సార్,” అంది. “ఆ టోపీవాడు ఎప్పుడొచ్చినా దీని కౌంటర్‌కే వెళ్లేవాడు. ఇవాళ ఇద్దరికీ ఎక్కడ చెడిందో మరి.”