ఎదురు కుర్చీ

సూది మళ్లీ కింద పడింది.

టీచరమ్మ వంగి తీసి ముసలావిడ చేతికిచ్చింది. నిజానికి ఆమె ఇంకా టీచరమ్మ కాలేదు. అవుతుందో లేదో ఈ పూట తేలిపోతుంది. ఊలు కొట్టు యజమానురాలు పెట్టిన పరీక్ష వినడానికి చిన్నదే.

"మా పిన్నికి ఒక్క వరుస అల్లడం నేర్పు. నేర్పావంటే ఈ వెనక గదిలో క్లాసు నీదే. నీ సొంత డిజైన్లు కూడా మన అద్దాల బీరువాలో పెడదాం. నీకంటే ముందొచ్చినవాళ్లు అరగంట కూడా ఆగలేదు, ముందే చెబుతున్నా."

అలా చెప్పి ఆవిడ గది బయట కౌంటరు దగ్గరికి పోయి, ఊలు ఉండలు సర్దుతున్నట్టు నటిస్తోంది. చూపు మాత్రం ఇటే.

టీచరమ్మ బట్టల కంపెనీలో పని మానేసి వచ్చింది. పొద్దున గడప దాటుతుంటే అక్క అన్న మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది. "సూదులు పట్టుకుని బతికేస్తావుటే? ఊళ్లో అందరికీ నీ స్వెట్టర్ల మీదే ధ్యాస మరి!" ఇక్కడ కాదంటే సాయంత్రం ఆ అక్క ముందే నిలబడాలి. రేపు కంపెనీ గేటు ముందు కూడా.

"ఇదిగోనండీ, సూది ఇలా లోపలికి పోనిచ్చి, ఊలు చుట్టి, బయటికి లాగాలి." పక్కన కూర్చుని ముసలావిడ కుడిచెయ్యి పట్టుకుంది.

"చెయ్యి పీకేస్తావా ఏంటి, అమ్మాయ్?"

"అయ్యో, క్షమించండి."

"ఆ గొంతేంటి, అంత పైకి పోతోంది? నాకు చెవుడు లేదు."

టీచరమ్మ గొంతు తగ్గించింది. సూది మళ్లీ జారింది. దాంతోపాటు కుట్లు కూడా జారిపోయాయి. ఆమె వాటిని ఎక్కించి ఇచ్చింది. మళ్లీ జారాయి.

"ఊలుని అంత బిగబడితే పాపం దానికి ఊపిరాడొద్దూ?" అంది ముసలావిడ.

ఏదో ఒకటి మాట్లాడకపోతే ఏడుపొచ్చేలా ఉంది టీచరమ్మకి. "ఇంతకుముందు ఇక్కడ ఎవరు నేర్పేవారండీ?"

"ఉండేదిలే ఒక మహాతల్లి." ముసలావిడ మూతి తిప్పింది. "ఆ గోడకు వేలాడుతున్న ఊలు కోట్లన్నీ ఆవిడ అల్లినవే. చెయ్యి మంచిదే, నోరే మంచిది కాదు. ఒక్క కుట్టు తప్పితే మొత్తం విప్పించేది. ఎడమచేతి వాటం పిల్లలొస్తే, కుడిచేత్తో అల్లితే అల్లండి, లేకపోతే పొండి అనేది."

"పిన్నీ!" కౌంటరు నుంచి కేక.

"అబద్ధమాడానా? నువ్వు నీ ఊలు సర్దుకోవే."

"మరి మీరు ఆవిడ దగ్గర నేర్చుకోలేదా?"

"నాకు పనికొచ్చేది ఒక్కటీ నేర్పలేదమ్మా ఆవిడ."

"ఎందుకు మానేశారో?"

"పొగరు దిగి."

టీచరమ్మ గోడవైపు చూసింది. కోట్ల మీద అల్లిన తీగలు ఒకదానిలో ఒకటి దూరి, ఎక్కడా కుట్టు తేడా లేకుండా పైకి పాకుతున్నాయి. అంతటి మనిషి వల్లే కానిది తన వల్ల అవుతుందా?

యజమానురాలు దగ్గరికొచ్చి చూసింది. సూది మీద ఒక్క కొత్త కుట్టూ లేదు. "కుదరకపోతే చెప్పెయ్. మొహమాటపడకు," అంది మెల్లగా, వెళ్లిపోతూ.

అయిపోయింది. టీచరమ్మ సంచీ దగ్గరికి లాక్కుంది. అప్పుడు కనిపించింది. ముసలావిడ తన ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి, ఎవరిదో వస్తువును పెట్టినట్టు బల్ల మీద పెట్టుకుంటోంది. ఆ వేళ్లని ఒక్కొక్కటే సూది చుట్టూ మడుస్తోంది.

"ఆ చెయ్యి..."

"నా మీద అలిగింది. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ మాట వినదు."

"ముందే చెప్పలేదేమండీ?"

"నువ్వు అడిగావా? ఒక్కరూ అడగలేదు. వచ్చినవాళ్లందరికీ నా వేళ్లు లాగడమే పని."

టీచరమ్మ సిగ్గుతో లేచింది. తన కుర్చీని బరబరా లాక్కెళ్లి, మోకాళ్లు తగిలేంత దగ్గరగా ముసలావిడకి ఎదురుగా వేసుకుంది.

"కుడిచేతికి ఇవాళ సెలవండీ. కుట్లున్న సూదిని ఆ చంకలో ఇరికించండి. అది కదలదు. పనంతా ఎడమచెయ్యే చేస్తుంది. నన్ను అద్దంలో చూసుకుంటున్నట్టు చూడండి, చాలు."

"అద్దంలో నేనింత బాగుండను."

"చూడండి మరి."

ఆమె నెమ్మదిగా అల్లింది. ఎదురుగా ఎడమచెయ్యి కదిలింది. తడబడింది, ఆగింది, మళ్లీ కదిలింది. ఒక కుట్టు పడింది. దాని పక్కన ఇంకొకటి. ముసలావిడ నుదుటి మీద చెమట పట్టింది. నడిమధ్యలో ఒక కుట్టు తప్పి వదులుగా వేలాడింది.

"విప్పెయ్యనా?" మొదటిసారి ఆవిడ గొంతు చిన్నబోయింది.

"ఎందుకండీ? ఉండనివ్వండి. వరుసయ్యాక వెనక్కొచ్చి ఎత్తుకుందాం."

ముసలావిడ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తల వంచి అల్లుకుంటూ పోయింది. వరుస పూర్తయింది. వంకరగా ఉంది, కానీ వరుసే.

యజమానురాలు ఎప్పుడొచ్చిందో గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమే, గుడ్లప్పగించి చూస్తావేం? గది తాళంచెవి ఇయ్యి పిల్లకి," అంది ముసలావిడ, రెండో వరుస మొదలుపెడుతూ.

తాళంచెవి చేతిలో పడ్డా టీచరమ్మ బెంగ తీరలేదు. గది బయటికొచ్చాక గొంతు తగ్గించి యజమానురాలిని అడిగింది. "పాత టీచరుగారిని ఒకసారి కలవాలండీ. ఆవిడ చోట్లో నేను కూర్చుంటే కష్టపెట్టుకుంటారేమో."

యజమానురాలు గదిలోకి చూసి, కళ్లు తుడుచుకుంది.

"నువ్వు ఇంతసేపూ నేర్పింది ఆవిడకే."