చేపల తొట్టి

నాలుగో బిందె కూడా సిమెంటు తొట్టిలో కుమ్మరించి, సాంబయ్య చుట్టూ చూశాడు. తెలతెలవారుతోంది. మిల్లులో ఇంకా ఎవరూ లేవలేదు.

ఇంటికి రాగానే భార్య వెంకటవ్వ నిలదీసింది. "బిందెలన్ని ఖాళీగున్నయేంది?"

"ట్యాంకర్ రాలే," అన్నాడు చూపు తిప్పుకుని.

ఆమె అతణ్ని ఎగాదిగా చూసి, చీపురందుకుని మిల్లు ఊడ్వడానికి వెళ్లిపోయింది.

సూరత్ పక్కనున్న పల్సానాలో బోరు నీళ్లు ఒట్టి ఉప్పు. తాగే నీళ్లు రెండ్రోజులకోసారి ట్యాంకర్‌లో రావాల్సిందే. అలాంటి నీళ్లను తొట్టిపాలు చేశాడంటే సాంబయ్యకు పిచ్చి కాదు, భయం.

ఆ అద్దకం మిల్లులో అతను మురికినీళ్ల గుంటకు కాపలాదారు. ఆ గుంటను తీర్చిదిద్దింది హారతి. సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే సోమలింగం బిడ్డ, సూరత్‌లోనే పుట్టి పెద్ద చదువు చదివింది. "కాకా, పాచి ఎండకు గాలి విడుస్తది. ఆ గాలితోని బ్యాక్టీరియా బతికి రంగు మురికిని తింటది. అది విడిచింది మల్ల పాచికి బువ్వ" అని చెప్పినప్పుడు, "ఆలుమగల లెక్కనా బిడ్డా!" అని నవ్వాడు గానీ, లోపల నమ్మలేదు. ఊళ్లో పాచి కనిపిస్తే గీకి పారేయడమే తెలిసిన మనిషి మరి!

ఈరోజే పరీక్ష. గుంటలో శుభ్రపడి బయటికొచ్చే నీళ్లలో చేపలు వేస్తారు. సాయంత్రానికి బతికుంటే మిల్లు నడుస్తుంది. చస్తే తాళమే, రెండొందల మంది రోడ్డున పడతారు. హారతి మూడేళ్ల కష్టం మట్టిలో కలుస్తుంది. తొట్టి నింపి ఉంచే పని సాంబయ్యది. ఆ పిల్ల కన్నీళ్లు చూసే ధైర్యం అతనికి లేకపోయింది.

తొమ్మిదింటికి కాలుష్య బోర్డు ఆఫీసరు వచ్చి పన్నెండు చేపలు వదిలాడు. నీళ్లలో లేత పచ్చని ఛాయ కనిపించి సాంబయ్య తొట్టి మీదికి వంగి చూశాడు. తొట్టి సరిగ్గా కడగలేదు కాబోలనుకున్నాడు. ఆఫీసరు గొడుగు కింద కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కదల్లేదు.

ఐదింటికి హారతి తొట్టిలోకి వంగి లెక్కపెట్టి కేక పెట్టింది. "కాకా! బారాకి బారా జిందా!"

పన్నెండు చేపలూ బతికే ఉన్నాయనగానే మిల్లంతా ఈలలు, చప్పట్లు. సేటు పేడాలు పంచి, ఇంకో మూడు గుంటలు తవ్విస్తానన్నాడు. పక్క మిల్లు సేట్లు కూడా హారతిని పిలిచి మాట్లాడారు. ఆ పిల్ల ఆనందంతో సాంబయ్య చేతులు పట్టుకుని గిరగిరా తిప్పింది. అతను తన పేడాను తినకుండా జేబులో వేసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి వెంకటవ్వ కోడికూర వండి, చెంబెడు నీళ్లిచ్చింది. సాంబయ్య గటగటా తాగి, ఇక దాచుకోలేకపోయాడు.

"నేను దొంగనే! తొట్టిల పోసింది గుంట నీళ్లు కాదు, ట్యాంకర్ నీళ్లు. మూడు గుంటలు తవ్వుతరట, రేపు అవి పనిచెయ్యకుంటే హారతి ముఖం ఏం గావాలె? పొద్దుగాల పోయి నిజం జెప్త."

వెంకటవ్వ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. "నాకెరికే! పొద్దుగాల బిందెలు తడి ఉండె. దారి పొడుగునా చుక్కలు పడ్డయి. వాటెంబడి పోతే తొట్టి నిండ మంచినీళ్లు. మనుషులకే దిక్కులేదు, చేపలకు మంచినీళ్లు పోస్తరా ఎవలన్న?"

"అయ్యో, చూసినవా! మరి ఏం జేసినవే?"

"ఏం జేస్త? అవి బిందెలకెత్తి ఇంటికి తెచ్చి, తొట్టిల గుంట నీళ్లే నింపిన."